గ్నాట్ రెక్క మీద మూడు రంగులు

మణుగూరులో పొద్దున లేవగానే ప్రతి ఇంట్లో తడిగుడ్డ పట్టాల్సిందే. రాత్రంతా ఓపెన్‌కాస్ట్ గని నుంచి వచ్చి వాలిన బొగ్గుదుమ్మును కిటికీల మీదా బల్లల మీదా తుడవాలి. గనిలో సర్వేయర్‌గా రిటైరయ్యాక కూడా, నా భార్య శ్రీదేవి పోయాక కూడా నాకు ఆ అలవాటు తప్పలేదు. ఆ రోజు బల్ల మీదున్న స్టిక్కర్ల కాగితాన్నీ అలాగే తుడిచాను.

అవి తడి తగిలితే ఊడివచ్చే స్టిక్కర్లు. విమానం రెక్కలకు అంటించాల్సిన మూడు రంగుల చక్రాలు గుడ్డకు చుట్టుకుని ముద్దయిపోయాయి.

విమానం పేరు గ్నాట్. డెబ్బై ఒకటి యుద్ధంలో ఎగిరిన చిన్న ఫైటర్. దాని ప్లాస్టిక్ నమూనా ముక్కలున్న డబ్బాను శ్రీదేవి హైదరాబాదులో కొన్నది, వాళ్ళన్న సాంబమూర్తి కోసం. ఆ యుద్ధంలో ఆయన గ్నాట్లకు తూటాలు ఎక్కించి, అద్దాలు తుడిచిన ఎయిర్‌మన్. ఇప్పుడు దుమ్ముగూడెంలో ఉంటాడు. నీటికాసుల జబ్బుతో చూపు చుట్టూ నుంచి మూసుకొస్తోంది. నడుమ మిగిలింది కూడా ఎన్నాళ్ళో ఉండదని డాక్టర్ చెప్పాడు. ఆ లోపే అన్న చేతిలో పెట్టాలని శ్రీదేవి సగం అతికించింది. మిగతా సగం నాకు వదిలింది.

దుకాణానికి ఫోన్ చేశాను. ఆ డబ్బాలు ఇక రావన్నారు. అయితే చక్రాలు నేనే వేయాలి. నా కుడిచెయ్యి వణుకుతుంది. పాత రేకు మీద వేసి చూస్తే చక్రం కాదు, ఎవరో కొరికి వదిలేసిన బిస్కెట్‌లా వచ్చింది.

తుడిచి మళ్ళీ వేశాను. మళ్ళీ బిస్కెటే.

అప్పుడు తట్టింది. సర్వేలో నేను చేసిందల్లా స్టాండు మూడు కాళ్ళూ కదలకుండా నిలబెట్టి, పైన యంత్రాన్ని తిప్పడమే కదా! బ్రష్‌ను కదలనివ్వకుండా రెక్కనే తిప్పాలి.

పక్కింటి చందూలాల్ ఫిట్టర్. గోడ మీంచి పిలిచాను.

"ఏంది సారూ, విమానానికి తానం జేయించిన్రట?"

"దాని బట్టలకయ్యా. పాత బేరింగ్ ఏదన్నా ఉందా?"

"గంత పిట్టకు బేరింగేంది? గాలిల లేపుతరా ఏంది?" అని నవ్వుతూనే తన పాత బండి చక్రంలోది తెచ్చిచ్చాడు.

రెక్కలను ఇంకా ఒంటికి అతికించకపోవడం నా అదృష్టం. రెక్కను మైనంతో బేరింగ్ మీద నిలిపాను. మణికట్టును ఇటుకకు ఆనించి టవల్‌తో కట్టేశాను. ఎడమచేత్తో బేరింగ్‌ను మెల్లగా తిప్పాను. వణుకు పోలేదు గానీ కాషాయం అంచు గుండ్రంగానే వచ్చింది. ఆరాక లోపల తెలుపు, దాని నడుమ పచ్చ. గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగినప్పుడల్లా బ్రష్ ఎత్తి, బల్ల అదురు ఆగేదాకా కూర్చునేవాణ్ణి. చెడిందల్లా తుడిచాను, మళ్ళీ వేశాను. సైరన్ ముందే చెబుతుంది కదా, అదొక దయ.

రెక్కలు అతికించాక విమానాన్ని దూదిలో పెట్టి, బస్సులో ఒళ్ళో పట్టుకుని దుమ్ముగూడెం వెళ్ళాను. సాంబమూర్తి బావ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కంటి ముందు ఇంచు ఇంచుగా జరుపుతూ చూశాడు. తోక. అద్దం. రెక్క దగ్గర ఆగాడు.

"ఇది స్టిక్కర్ గాదు గద బావా?"

"అవ్. చేత్తోటేసిన."

"పచ్చ జరంత పక్కకు జారింది."

"మీ చెల్లె ఏసుంటే జారకపోవు."

"అది ఏస్తే నేను గీ వంక పెట్టకపోదును." మళ్ళీ చూశాడు, ఈసారి చాలాసేపు. "కనబడుతుంది బావా. మూడు రంగులూ కనబడుతున్నయ్."

తర్వాత అలవాటుగా భుజం మీది తువ్వాలు తీసి, చివరను చూపుడువేలికి చుట్టి, పైలట్ అద్దం తుడవబోయాడు. నేను గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"పొడిదేనా బావా?"

"పొడిదే తియ్!" అని నా చెయ్యి విదిలించుకుని తుడవసాగాడు.