సీలు ఉండాల్సిన చోట

జర్మనీలో కాసెల్ ఊరి సంత హాల్లో పాత యుద్ధ పత్రాలు అమ్మే మాకు పొద్దున్నే మొదటి పని తెల్ల స్టిక్కర్లు అంటించడం. నాజీ స్వస్తిక బయటికి కనబడితే చట్టం ఊరుకోదు. కొనేవాడు మాత్రం వస్తూనే స్టిక్కరు ఎత్తి కింద సీలు చూసుకుంటాడు. అది తప్పో ఒప్పో నేనెప్పుడూ ఎవరినీ అడగలేదు.

ఆ ఆదివారం ఎవాల్డ్ ష్టీబెలింగ్ ఒక పత్రం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. వెంట చెల్లెలు రోజ్‌విత. వాళ్ల నాన్నకు రష్యాలో కాలికి తూటా తగిలినందుకు సైన్యం ఇచ్చిన పత్రమది. ఆయన పోయాక ఇద్దరికీ దాని మీదే పేచీ. అమ్మేద్దామని ఇతను, ఇంట్లో ఉంచుకుంటానని ఆమె. చివరికి నా మాటకు కట్టుబడతామని ఒప్పుకున్నారట: ధర పలికితే అమ్మకం, పలకకపోతే చెల్లెలికి.

"అసలుదే కదండీ? సీలు ఎంత బాగుందో చూడండి," అన్నాడు ఎవాల్డ్.

సీలు మరీ బాగుంది. యాభై ఏళ్లు మడతల్లో నలిగిన కాగితం మీద అదొక్కటే నిన్న స్నానం చేసొచ్చినట్టుంటే నాకు ఒళ్లు మండుతుంది.

రోజ్‌విత ముందుకు వంగింది. "అన్నయ్యా, దీనికి చిల్లు ఉండాలి కదా?"

"నీకన్నీ చిల్లులే కనబడతాయి. నోరు మూసుకోవే!"

"అమెరికా వాళ్లు ఊళ్లోకొస్తున్నారని అమ్మ గోళ్ల కత్తెరతో స్వస్తిక సీలు కత్తిరించి పొయ్యిలో పడేసిందిగా. ఆ చిల్లులోంచి నేను నిన్ను చూసేదాన్ని, నువ్వు నాలిక బయటపెట్టేవాడివి. మర్చిపోయావా?"

"చిన్నప్పటి గోల ఇప్పుడెందుకే?"

నల్లగుడ్డ కప్పి నీలి దీపం వేశాను. ఆ వెలుగులో పాత కాగితం మెరవదు. పత్రమంతా మసగ్గానే ఉంది. సీలు చుట్టూ మాత్రం కొత్త జిగురు తెల్లగా, గుండ్రంగా వెలిగింది. ఇంకెవరి పత్రంలోంచో కోసుకొచ్చి అతికించాడు మహానుభావుడు.

"కాగితం మీ నాన్నదే, సీలు పరాయిది. ఇలాగే అమ్మితే మోసం," అన్నాను.

"ఊడదీస్తే?"

"సేకరించేవాళ్లు చిల్లున్నదాన్ని ముట్టుకోరు."

ఎవాల్డ్ మొహం మాడిపోయింది. "బతికున్నప్పుడూ అంతే, అమ్మ నా మాట ఒక్కటీ సాగనివ్వలేదు," అని గొణిగాడు.

ఫ్లాస్కులోని వేడినీళ్ల ఆవిరి పట్టి అతుకు ఊడదీశాను. ఒక బేరం పోయినందుకు నేను సంతోషించడం అదే మొదటిసారి. రోజ్‌విత పత్రాన్ని రెండు చేతులా అందుకుంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, చుట్టూ జనం ఉన్నారన్న ధ్యాస కూడా లేకుండా, ఆ చిల్లుకు కన్ను ఆనించి అన్న వైపు తిరిగింది.

ఎవాల్డ్ అటూ ఇటూ చూశాడు. తర్వాత నాలిక బయటపెట్టాడు.