నాలుగో మంచం పక్కన సముద్రం

రెండో చేప కూడా పైకి వచ్చేసింది. తెల్ల చారల నారింజ చేప, నీటి అంచుకు మూతి ఆనించి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. మొదటిది అప్పటికే పక్కకు ఒరిగిపోయింది. మూడోది కనబడటం లేదు.

"చూడమ్మాయ్, నాకంటే ముందు అదే పోయేలా ఉంది," అంది నాలుగో మంచం మీది టీచరమ్మ, మగతలోంచే.

టైము ఏడుంపావు. డయాలసిస్ గదిలో ఉదయపు వంతు మొదలై పావుగంటయింది. అప్పటికి ఇద్దరికే యంత్రాలు తగిలించాం, టీచరమ్మకీ కిటికీ పక్కనున్న లారీ తాతకీ. మిగతా ఇద్దరూ ఇంకా బరువు చూసుకుంటున్నారు.

తొట్టె లోపలి నీలికాంతి గోడల మీద మెల్లగా కదులుతోంది. యంత్రాల సన్నని హోరు దానికి తోడు. ఈ గదిలోకి ఎవరొచ్చినా పది నిమిషాల్లో కళ్లు బరువెక్కుతాయి. సముద్రం అడుగున పక్క వేసుకుని పడుకున్నట్టుంటుంది.

ఆ సముద్రాన్ని ఇక్కడికి తెచ్చింది మా తమ్ముడు. ఈ గదికి నేను హెడ్ నర్సుని, వాడు టెక్నీషియన్. వాడికి ఈ ఉద్యోగం ఇవ్వమని అడిగింది నేనే.

బోడి గోడను చూసి చూసి విసుగొస్తోందని టీచరమ్మ ఒకసారి అంది. అంతే, వాడు పట్టుకున్నాడు. ముందు గాజు తొట్టె, దాని బరువుకు వంగని ఇనుప బల్ల వచ్చాయి. తర్వాత నీళ్లలో అల పుట్టించే పంపు. మురికిని నురగగా పైకి లాగే గొట్టం. హీటరు, థర్మామీటరు. సముద్రపు ఉప్పు బస్తా, నీళ్లలో ఉప్పెంతుందో చెప్పే చిన్న గాజు సాధనం. చుక్కలు వేస్తే రంగు మారే పరీక్ష సీసాలైతే ఒక అర నిండా ఉన్నాయి. చేపలేవయ్యా అని లారీ తాత ఎగతాళి చేస్తే, ముందు నీళ్లు బతకాలి తాతా అన్నాడు. నెల పైన ఉత్త నీళ్లూ సముద్రపు రాళ్లే. ఆ ఉత్త నీళ్లకే రోజుకు మూడుసార్లు పరీక్ష చేసేవాడు. అందరూ చేపల డాక్టరని పేరు పెట్టారు.

ఇక్కడికొచ్చేవాళ్లు రోజుకు లీటరుకు మించి నీళ్లు తాగకూడదు. తాగలేని నీళ్లని కళ్లతోనైనా తాగనివ్వండి అంటూ టీచరమ్మ ఆ తొట్టె పక్క మంచమే అడిగి తీసుకుంది.

నేను తొట్టె చుట్టూ చూశాను. పంపు తిరుగుతోంది. నురగ గొట్టం బుసబుసలాడుతోంది. వేడి ఇరవై ఆరు, ఎప్పటిలాగే.

"పొద్దున్న ఏం మార్చావురా?"

"ఐదో వంతు నీళ్లక్కా. ఐదింటికి పట్టి ఉప్పు కలిపాను, ఆరున్నరకి పోశాను."

"ఏ నీళ్లు?"

వాడు గోడ వైపు చూశాడు. గోడ వెనక నీళ్లు శుద్ధి చేసే ఆర్వో ప్లాంటు ఉంది. తొట్టెకి నీళ్లు పట్టేది దాని పైపు నుంచే. యంత్రాలకు వెళ్లేదీ అదే పైపు.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. తాగితే ఏమీ కాదు. చేప మొప్పలకు తగిలితే చేప పోతుంది. డయాలసిస్ యంత్రంలోకి వెళ్తే మనిషి రక్తకణాలు పగిలిపోతాయి. దాన్ని ఆపడానికే ప్లాంటులో బొగ్గు సిలిండరు ఉంది.

నేను పరుగెత్తలేదు. ఈ గదిలో నర్సు పరుగెత్తితే రోగుల గుండె జారిపోతుంది. నడిచే వెళ్లి రెండు యంత్రాలూ ఆపాను. గొట్టాల్లోని రక్తాన్ని వెనక్కి పంపకుండా రెండు వైపులా బిగించేశాను. ఒక్కొక్కరికీ గ్లాసుడు రక్తం పోయినట్టే. టీచరమ్మకి అసలే ఒంట్లో రక్తం తక్కువ. అప్పుడే అయిపోయిందా అని అడిగి, మళ్లీ కళ్లు మూసుకుంది.

ప్లాంటు నీళ్లలో పరీక్ష పట్టీ ముంచాను. తెల్లగా ఉండాల్సింది, సాయంకాలపు మబ్బులా గులాబీ రంగు తేలింది. అంత అందమైన రంగుని చూసి నేనెప్పుడూ అంతగా భయపడలేదు.

ఇద్దరి రక్తమూ లేబుకి వెళ్లింది. నలభై నిమిషాలకు ఫోనొచ్చింది, కణాలు బాగానే ఉన్నాయని. ఇంకో గంట నడిచుంటే ఏమయ్యేదో లేబువాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు.

అప్పటికి డాక్టరుగారు వచ్చి ప్లాంటు మెకానిక్‌ని ఫోనులో నిలదీస్తున్నారు. బొగ్గు అయిపోవచ్చిందని వారం కిందటే చెప్పానని, కొత్తది వచ్చేదాకా ప్రతి వంతుకీ ముందు పట్టీ చూడమన్నానని అవతల అతను మొత్తుకుంటున్నాడు. డాక్టరుగారు వినలేదు. పొద్దున్న ఆరింటి పరీక్షలో క్లోరిన్ సున్నా అని పరీక్షల పుస్తకంలో ఉంది, అంటే ఆ తర్వాతే చెడింది, తప్పు నీదే అని ఫోను పెట్టేశారు. అతన్ని పనిలోంచి తీసేయమని రాయడానికి కాగితం తీశారు.

నేను ఆ పుస్తకం తెరిచాను. ఆరింటి పరీక్షకి సున్నా, పక్కన తమ్ముడి పొట్టి సంతకం. కింది గడి మధ్యాహ్నం ఒంటిగంటది. అందులోనూ సున్నా ఉంది, అదే సంతకం. గోడ గడియారంలో ఇంకా ఎనిమిదిన్నర కాలేదు.

తల ఎత్తాను. తమ్ముడు తొట్టె దగ్గర వల పట్టుకుని నిలబడి ఉన్నాడు. నీలి వెలుగులో వాడి ముఖం నీళ్లలోంచి చూస్తున్నట్టుంది. మూడో చేప రాయి చాటు నుంచి బయటికొచ్చి ఈదుతోంది, వాడు దాని వైపు కూడా చూడటం లేదు. దగ్గరికొచ్చి, డాక్టరుగారికి వినబడకుండా అన్నాడు.

"ఉప్పు కలుపుతూ ఉండిపోయానక్కా. రోజూ సున్నానే కదా వచ్చేది. ఇంటికెళ్లాక నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు. ఇక్కడ మాత్రం..."

ఉత్త నీళ్లకు రోజుకు మూడుసార్లు చుక్కలేసి చూసిన చేతులవి. వెనక నాలుగో మంచం మీద టీచరమ్మ నిద్రలో పెదాలు తడుపుకుంది.

"సిస్టర్, ఆ మెకానిక్ పేరేంటి? పూర్తి పేరు చెప్పండి," అన్నారు డాక్టరుగారు, పెన్ను కాగితం మీద ఆనించి.

నేను పుస్తకాన్ని ఆయన వైపు తిప్పి, ఒంటిగంట గడి మీద వేలు పెట్టాను.

"మెకానిక్ కాదు డాక్టరుగారూ. మా తమ్ముడు."