పుల్లకి అంటిన పిండి

కేకు మధ్యలో పుల్ల గుచ్చి తీస్తే పుల్లకి పిండి అంటకూడదు. అది ఆ ఇంటి చట్టం. చట్టం చేసినవాడు ఏనాడూ ఓవెన్ మీట తిప్పి ఎరగడు, అది వేరే సంగతి. పెళ్లయిన కొత్తలో ఆమె చేసిన మొదటి కేకు ముందు కూర్చుని, "పిండి అంటితే పచ్చి. పచ్చిదాన్ని కేకు అనరోయ్," అని నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూనే పదికి నాలుగు మార్కులు వేశాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత అతను ఆమెతో మాట్లాడడం మానేశాడు. మళ్లీ ఎన్నాళ్లకి నోరు విప్పాడో ఇప్పుడు గుర్తు లేదు. విప్పి "ఉప్పు" అని ఒక్క ముక్క అన్నందుకు తనకి ఏడుపొచ్చినంత సంతోషం కలగడం మాత్రం గుర్తుంది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పట్నుంచీ ఆ మార్కులు ఇంట్లో ఒక మనిషిలా కాపురం పెట్టాయి. ఏది కొత్తగా వండినా మొదటి ముక్క అతనిదే. కళ్లు మూసుకుంటాడు, నిదానంగా నములుతాడు, అందర్నీ కాసేపు ఊరించి అంకె చెబుతాడు. ఆ అంకె బయటికి వచ్చేదాకా ఎవరూ కంచంలో చెయ్యి పెట్టరు. వచ్చిన చుట్టాలకి అదో సరదా. "అన్నయ్య మార్కులు వెయ్యడం చూడ్డానికైనా రావాలి వదినా," అంటుంది ఆడపడుచు. ఏడు దాటితే ఆ పూట గట్టెక్కినట్టే. ఏడు కంటే తగ్గితే ఇల్లు మూగబోతుంది. తిట్టడు, కొట్టడు, గిన్నెలు విసరడు. మంచినీళ్ల గ్లాసు టేబుల్ మీద పెట్టే చప్పుడు మారుతుంది, అంతే. ఆమె వంటగదిలో ఉండి కూడా ఆ చప్పుడు పోల్చుకోగలదు. పోల్చుకోగానే చేస్తున్న పని ఆపేస్తుంది.

దీన్ని భయం అంటే నమ్మేదెవరు? ఒకసారి ధైర్యం చేసి తల్లికి చెప్పుకుంది. "చెయ్యి చేసుకుంటాడా? తాగొస్తాడా? మరింకేం కావాలే నీకు?" అని తల్లి కొట్టిపారేసింది. అత్తగారు ఇంకో మెట్టు పైకెక్కింది. "మా రోజుల్లో చేతులే లేచేవమ్మాయ్. మావాడు మార్కులతో సరిపెడుతున్నాడు, సంతోషించు." ఆ మాట అంటూ ఆవిడ తన ఎడమ చెవి తడుముకుంది. ఆ చెవికి సరిగ్గా వినపడదని ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకు వినపడదో ఎవరూ అడగలేదు.

ఆమె పని చేసేది కళ్లజోళ్ల షాపులో. పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా వచ్చినవాళ్ల కళ్ల ముందు అద్దాలు మార్చి మార్చి పెడుతూ, "ఇది బాగుందా, ఇంతకు ముందుదా?" అని అడగడమే ఉద్యోగం. ముక్కూ మొహం తెలియని మనుషులకి ఏది బాగుందో ఓపిగ్గా కనుక్కుని ఇంటికొస్తుంది. ఇంట్లో ఆ ప్రశ్న ఆమెని అడిగిన నాథుడు లేడు. పోనీ, ఎవరైనా అడిగితే ఏం చెబుతుంది? చాక్లెట్ కేకు ఎలా ఉంటే తనకిష్టమో ఆమెకే తెలియదు. ఇన్నేళ్లూ చట్టానికి భయపడి ఐదు నిమిషాలు ఎక్కువే ఓవెన్లో ఉంచి, గొంతు పట్టుకునే పొడి ముక్కల్ని నీళ్లతో మింగుతూ వచ్చింది.

ఈ ఆదివారం కూతురి పుట్టినరోజు. మూడో తరగతి చదివే ఆ పిల్లకి ఏ కేకు కావాలో ముందే తెలుసు.

"మధ్యలో జారిపోవాలమ్మా. స్పూను పెడితే చాక్లెట్టూ పీనట్ బటరూ కలిసి కారిపోవాలి. మా ఫ్రెండ్ వాళ్లింట్లో అందరూ వేళ్లు నాక్కున్నారు." తర్వాత గొంతు తగ్గించింది. "వాళ్ల నాన్న కూడా."

"నీ పుట్టినరోజు. నీకు నచ్చినట్టే చేద్దాం," అందామె. అన్న మరుక్షణం గుండె దడదడలాడింది. కేకు కోసం ఇంత దడ ఏమిటని తనని తానే తిట్టుకుంది. తిట్టుకుంటే దడ తగ్గుతుందా?

మధ్యాహ్నం భోజనాలయ్యాక తల్లీకూతుళ్లు వంటగదిలో చేరారు. వేడినీళ్ల గిన్నె మీద చాక్లెట్టూ వెన్నా కరుగుతుంటే పిల్ల గరిటె తిప్పింది. గుడ్లు, పంచదార నురగ వచ్చేదాకా గిలకొట్టారు. పిండి మాత్రం గుప్పెడే. పీనట్ బటర్ని ముద్దలు చేసి ముందే ఫ్రీజర్లో గట్టిపరిచారు. కలిపినదాన్ని టిన్నులో సగం పోసి, ఆ ముద్దల్ని మధ్యలో పెట్టి, పైన మిగతాది పోసి ఓవెన్లో పెట్టారు. పిల్ల ముక్కు మీద చాక్లెట్, గడ్డం మీద చాక్లెట్. ఆమె చాలాకాలం తర్వాత వంటగదిలో గట్టిగా నవ్వింది. వెంటనే తలుపు వైపు చూసింది. పిల్ల కూడా చూసింది. ఇద్దరూ ఒకేసారి ఎందుకు చూశారో అప్పుడామెకి తట్టలేదు.

కేకు అంచులు గట్టిపడి, నడుమ ఇంకా వణుకుతున్నప్పుడే టిన్ను బయటికి తీసింది. మళ్లీ లోపల పెట్టెయ్యి, ఇంకో ఐదు నిమిషాలే కదా, అని లోపల్నుంచి ఎవరో పోరుతున్నారు. చుట్టాల ముందు అంకె తగ్గితే? పుట్టినరోజు నాడే ఇల్లు మూగబోతే? నోటి దాకా వచ్చిన భయాన్ని మింగి, ఓవెన్ కట్టేసింది. "చల్లారనిద్దాం," అంది కూతురితో.

"ఏమోయ్, నా నీలం చొక్కా ఇస్త్రీ ఎవరు చేస్తారు, చుట్టాలొచ్చి చేస్తారా?" పడగ్గదిలోంచి కేక.

వెళ్లి చొక్కా ఇస్త్రీ చేసింది. "పిల్ల ఏదో కారే కేకు అంటోంది," అన్నాడతను అద్దంలో తల దువ్వుకుంటూ, నవ్వుతూ. "నువ్వూ దానికి తాళం వేస్తున్నావా? మా చెల్లెలి ముందు పచ్చి పిండి పెట్టి నా పరువు తియ్యకు." ఆమె కాలరు మీద ఇస్త్రీపెట్టె నొక్కింది. చొక్కా రెండో చెయ్యి మీద ఉండగా వాసన వచ్చింది. చాక్లెట్ అంచులు మాడబోయే ముందు వచ్చే వాసన. ఓవెన్ కట్టేశాను కదా, అనుకుంటూ పరిగెత్తింది.

ఓవెన్ ఎర్రగా వెలుగుతోంది. లోపల కేకు. దాని ముందు కూతురు, వీపు వెనక చెయ్యి దాచుకుని.

"పుల్ల గుచ్చి చూశానమ్మా," అంది పిల్ల గుసగుసగా. "పిండి అంటింది. నీకు నాలుగే వేస్తారు. అందుకని మళ్లీ పెట్టేశా."

"చెయ్యి చూపించు."

"ఏం కాలేదు."

"చూపించమన్నానా!"

వేళ్ల కొసలు మూడు ఎర్రగా కాలి, ఒకటి అప్పుడే పొక్కుతోంది. ఆమె చప్పున ఓవెన్ కట్టేసి, పిల్లని ఎత్తి కుళాయి కింద చెయ్యి పెట్టించింది. నీళ్లు పడుతున్నంతసేపూ ఆ పిల్ల పెదవి కొరుక్కుంటూ నిలబడింది తప్ప కిక్కురుమనలేదు.

"ఇంత కాలితే అరవొద్దుటే? నన్ను పిలవొద్దూ?"

"అరిస్తే నాన్న వస్తారు కదా. వస్తే కేకు చూస్తారు కదా."

నిరుడు మరిగే పాలు తన మణికట్టు మీద ఒలికాయి. పక్కగదిలో అతను ఫోన్లో మాట్లాడుతున్నాడని పైట కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు వంటగది గుమ్మంలో నిలబడి చూసిన కళ్లు ఇవే. తను ఈ పిల్లకి వర్ణమాల నేర్పాననుకుంది, ఎక్కాలు నేర్పాననుకుంది. అరవకుండా కాలడం కూడా నేర్పింది. అతని మౌనానికి ఎప్పుడూ వెయ్యనంత భయం ఇప్పుడు వేసింది. వేళ్లకి మందు రాసి, మెత్తని గుడ్డ చుట్టింది.

బయట బెల్లు మోగింది. ఆడపడుచు నవ్వులూ, అత్తగారి పలకరింపులూ వినిపించాయి. "కేకేదోయ్? పరీక్షాధికారి సిద్ధం!" అని అతని గొంతు. అందరూ నవ్వారు.

కేకు తెచ్చి టేబుల్ మీద పెట్టింది. పిల్ల గుడ్డ చుట్టిన చెయ్యి గౌను మడతల్లో దాచుకుని కొవ్వొత్తులు ఊదింది. అతను పుల్ల తీసి కేకు నడుమ గుచ్చి, బయటికి లాగి దీపం వెలుగులో పట్టి చూశాడు. శుభ్రంగా ఉంది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. పిల్ల చూపు తండ్రి మొహం మీద నుంచి కదల్లేదు. తన చూపు ఇన్నేళ్లూ ఎక్కడుండేదో ఆమెకి మొదటిసారి బయటినుంచి కనిపించింది.

"పది!" అన్నాడతను. "రాసిపెట్టుకోండి, మొదటిసారి పదికి పది! ఇన్నేళ్లకి మా ఆవిడ వంట నేర్చుకుంది."

ఆడపడుచు చప్పట్లు కొట్టింది. అత్తగారు కూడా. పిల్ల గట్టిగా ఊపిరి వదిలి తల్లి వైపు చూసి నవ్వింది, నిన్ను కాపాడానమ్మా అన్నట్టు.

"ఈ కేకు నేను చెయ్యలేదండీ," అందామె. "నేను చేసింది మధ్యలో మెత్తగా ఉండింది. దీన్నిలా ఎండబెట్టింది మీ కూతురి భయం. ఆ పది దానికే చెందుతుంది." కూతురి చెయ్యి గౌను మడతల్లోంచి తీసి టేబుల్ మీద పెట్టింది. "చెయ్యి కాలినా కనీసం అరవలేదు. మీకు వినపడుతుందని."

చప్పట్లు ఆగిపోయాయి. ఆడపడుచు అన్నయ్య వైపు చూసి, చూపు తిప్పుకుంది. అత్తగారి చెయ్యి చెవి దాకా వెళ్లి ఆగింది.

"అందరి ముందూ ఏమిటీ నాటకం?" అన్నాడతను, ఇంకా నవ్వు మొహంతోనే. గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగి, టేబుల్ మీద పెట్టాడు. ఆ చప్పుడు ఆమెకి తెలుసు. కానీ ఈసారి అతని మొహం చూస్తూ నిలబడలేదు. ఎదురుగా ఉన్న కేకు ముక్క తుంచి నోట్లో వేసుకుంది.

"నాకు నచ్చలేదు," అంది. "గొంతు పట్టుకుంటోంది. పదవే, ఇంకోటి చేద్దాం. చాక్లెట్ ఇంకా ఉంది. పుల్ల అక్కర్లేదు."

వంటగదిలోకి నడుస్తుంటే పిల్ల మంచి చేత్తో ఆమె చీర గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, నాన్న మాట్లాడకపోతే?"

ఆమె గుడ్లు తీసి గిన్నె పక్కన పెట్టింది.

"మాట్లాడకపోతే మనిద్దరం మాట్లాడుకుందాం," అంది. "గట్టిగా."