సేర్‌గే తప్పు విన్న మాట

సెయింట్ పాల్ నగరంలో పెద్దవాళ్ళకి ఇంగ్లిషు నేర్పే బడిలో లోర్నా టీచరు ఒక పద్ధతి పెట్టింది. కాస్త ముందు నేర్చుకున్నవాళ్ళు ఒక్కొక్కరూ, అప్పుడే మొదలుపెట్టిన ముగ్గురికి తోడుండాలి. అందుకని తలా ఒక ఫోను ఇచ్చింది. కొత్తవాళ్ళకి ఎక్కడ మాట అడ్డుపడినా ఫోన్లో పంపుతారు, వీళ్ళు విని అర్థం చెప్పాలి.

అలా ఎంపికైనవాళ్ళలో సేర్‌గే ఒకతె. కరెన్ అనే కొండజాతి మనిషి, నలభై దాటాయి. సొంత దేశం విడిచి, సరిహద్దులోని శరణార్థుల శిబిరంలో పదిహేడేళ్ళు గడిపి ఈ చలిదేశం చేరింది. హోటళ్ళ దుప్పట్లు ఉతికేచోట పని. ఫోను చేతిలో పెడుతుంటే "నాకే సరిగ్గా రాదు టీచర్" అని గింజుకుంది కానీ, నెల తిరిగేసరికి ఆ పెద్దరికం రుచి మరిగింది. ఎవరేం అడిగినా టక్కున చెప్పేసేది. తెలియదనడం నామోషీ అయిపోయింది.

ఆమె ముగ్గురిలో పెద్దవాడు క్వాలా. యాభై ఎనిమిదేళ్ళు. కొండవాలులో వరి పండించిన మనిషి, ఇక్కడికొచ్చి టర్కీ కోళ్ళు కోసే ఫ్యాక్టరీలో భుజం పాడుచేసుకున్నాడు. ఇప్పుడు గాజు పైకప్పు కింద పూల నారు పెంచే తోట ఒకదాంట్లో పనికి దరఖాస్తు పెట్టుకున్నాడు. రెండు వారాలపాటు "మట్టి పని నాకు తెలుసు" అన్న ఒక్క ఇంగ్లిషు వాక్యాన్ని సేర్‌గే ఫోన్లో చెప్పడం, ఆయన తిరిగి చెప్పడం. మంగళవారం వెళ్ళి మాట్లాడి వచ్చాడు.

గురువారం తోటవాళ్ళ దగ్గర్నుంచి ఆయన ఫోన్లో సందేశం పడింది. ఎవరో ఆవిడ గబగబా మాట్లాడింది. ఆయన దాన్ని అలాగే సేర్‌గేకి పంపి, వెంటనే ఫోన్ చేశాడు. సేర్‌గే అప్పుడు దుప్పట్లు ఆరబెట్టే యంత్రాల మధ్య ఉంది. ఆ హోరులో ఫోను చెవికి అదుముకుని వింది. ఒక్క మాటే పట్టుబడింది.

"ఏమంటోంది పంతులమ్మా?"

"ఫైర్డ్ అంటోంది బాబాయ్. తీసేశారట."

"తీసేశారా? చేర్చుకోకుండానే ఎలా తీసేస్తారే?"

అక్కడైనా ఆగాల్సింది. కానీ పెద్దరికం ఊరుకుంటుందా! "ఈ దేశంలో అంతే బాబాయ్" అనేసింది.

"ఓహో, పెళ్ళికి ముందే విడాకులన్నమాట" అని నవ్వాడు క్వాలా. ఆ నవ్వు చివరికొచ్చేసరికి సన్నబడిపోయింది. "సరేలే, నువ్వు పని చూసుకో."

మర్నాడు మూడింటికి పని దిగి బస్సెక్కింది సేర్‌గే. ఎందుకు వద్దన్నారో తెలిస్తే, ఇంకోచోట ఏం చెప్పాలో క్వాలాకి నేర్పొచ్చని ఆ సందేశం మళ్ళీ పెట్టింది. బస్సులో చప్పుడు లేదు. మాట తేటగా వినబడింది. ఫైర్డ్ కాదు, హైర్డ్. మూడుసార్లు వింది. నమ్మకం చాలక లోర్నాకి పంపింది. రెండు నిమిషాల్లో జవాబు: "ఉద్యోగం ఇచ్చారు! కానీ ఇవాళ ఐదింటిలోపు ఫోన్ చేసి వస్తానని చెప్పాలట, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఎవరికి వచ్చింది?"

క్వాలా ఫోను పలకలేదు. ఆయన భార్య ఏవాకి చేసింది.

"పొద్దున్నే ఫేలన్ సరస్సు మీదికి పోయాడమ్మా చేపలకి. నిన్నట్నుంచి అన్నం సయించట్లేదు. ఈ చలికి ఫోను చచ్చుంటుంది."

"పిన్నీ, నేను తప్పు చెప్పాను. ఉద్యోగం వచ్చింది. ఐదులోపు చెప్పకపోతే పోతుంది" అంటూ ఏడుపు లంకించుకుంది సేర్‌గే.

"ఏడుపు తర్వాత. ముందు పరిగెత్తు!"

ఫేలన్ సరస్సు చేరేసరికి నాలుగున్నర. గడ్డకట్టిన నీళ్ళ మీద ఇరవై ముప్ఫై మంది, బొంత కోట్లలో అందరూ ఒకేలా, చేపల కోసం మంచులో తొలిచిన కన్నాల ముందు కూర్చునున్నారు. "బాబాయ్!" అని అరిచింది. నలుగురు తలలు తిప్పారు. అందరూ కరెన్‌లే. నాలుగోవాడు క్వాలా.

జారుతూ, నిలదొక్కుకుంటూ పోయి ఆయన ముందు నిలబడింది. ఊపిరి అందడం లేదు.

"తీసెయ్యలేదు బాబాయ్. తీసుకున్నారు. నేనే తప్పు విన్నాను. ఐదులోపు వస్తానని చెప్పాలి."

క్వాలా గాలం వదిలేశాడు. "ఇదైనా సరిగ్గా విన్నావా?"

"లోర్నా టీచరు కూడా విన్నది."

"అయితే చెయ్యి. నువ్వే మాట్లాడు."

"వద్దు బాబాయ్. నీ ఉద్యోగం, నీ నోరు. నేను నోరు తెరిస్తే మళ్ళీ ఏం కొంప మునుగుతుందో."

నాలుగు ముక్కలు ముమ్మారు అనిపించి, సందేశంలోని నంబరు తన ఫోన్లో నొక్కి, స్పీకరు పెట్టి ఆయన చేతికిచ్చింది. అవతల ఎత్తారు. క్వాలా నిటారుగా నిలబడి, ఒక్కో మాటా నారు నాటినట్టు పెట్టాడు: "నేను క్వాలా. అవును, వస్తాను. థాంక్యూ."

ఆవిడ ఏదో గబగబా అంది. సేర్‌గేకీ అందలేదు. క్వాలా మాత్రం బెదరలేదు. "నాకు అర్థం కాలేదండీ. మెల్లగా చెప్పండి" అన్నాడు ఇంగ్లిషులో, ఏ సిగ్గూ లేకుండా. ఆవిడ మెల్లగా చెప్పింది. సోమవారం ఆరింటికి రావాలి. నేల తడిగా ఉంటుంది, రబ్బరు బూట్లు తెచ్చుకోవాలి.

"సోమవారం. ఆరు. బూట్లు. సరే."

ఫోను పెట్టేసేసరికి ఐదుకి ఇంకా పది నిమిషాలుంది. సేర్‌గే అక్కడే మంచు మీద చతికిలబడింది.

"తిట్టు బాబాయ్. ఒక్క తిట్టైనా తిట్టు."

"ఎందుకే? సోమవారం నుంచి చేపలకి రావడం కుదిరేనా? నీ పుణ్యమా అని ఇవాళైనా తీరిగ్గా కూర్చున్నాను." ఫ్లాస్కులో టీ ఒంపి చేతికిచ్చాడు. "అయినా నీకూ తెలియని మాటలుంటాయని నిన్ననే చెప్పుంటే, రాత్రి ఇద్దరం హాయిగా నిద్రపోయేవాళ్ళం కదా."

ఆమె తలూపింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. ఏవాకి ఫోన్ చేసి కబురు చెబితే, అవతల ఆవిడ పెట్టిన కేక పక్క కన్నం దగ్గర కూర్చున్నవాళ్ళకి కూడా వినబడింది.

పోయేటప్పుడు క్వాలా రెండు చేపలు కవర్లో వేసి బలవంతాన ఇచ్చాడు. బస్సులో వెచ్చగా ఉంది. కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సేర్‌గేకి ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు. లేచేసరికి తన స్టాపు దాటి రెండు స్టాపులైంది. దిగి, ఆ చలిలో చేపలు ఊపుకుంటూ వెనక్కి నడిచింది.