కదలకూడదన్నావుగా

మా అత్తగారి నోట్లో పళ్లు లేవు గానీ మాటలో పదును మాత్రం తగ్గలేదు. కింది దవడలో ఆఖరి పన్ను ఊడి చాలా ఏళ్లయింది. పళ్లు పోయిన చోట ఎముకకు పనుండదు, పని లేని ఎముక అరిగిపోతుంది. ఆవిడ దవడ అరిగి అరిగి పక్కల బాగా పల్చబడింది. దాని మీద పళ్లసెట్టు నిలవదు. మాట్లాడితే లేస్తుంది, నమిలితే జారుతుంది. అందుకని ఆవిడ మాతో కలిసి తినడం మానేసింది. అందరం లేచాక వంటింట్లో గోడ వైపు తిరిగి కూర్చుని తింటుంది.

"కోడలు పళ్ల డాక్టరైతే మాత్రం ఏం లాభం!" అని పక్కింటావిడతో అనడం ఒకరోజు నా చెవిన పడింది. ఒళ్లు మండిపోయింది. నా కోపం సంగతి మా ఆయన్ని అడగాలి, ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ విసురులోనే, దవడలో ఇంప్లాంట్లు పెట్టి, అంటే టైటానియం మరలు బిగించి, సెట్టును వాటికి తగిలిస్తానన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "నిజంగా కదలదా?"

"తుమ్మినా కదలదు."

చిక్కల్లా నరంతోనే. కింది దవడ లోపల సొరంగం లాంటి దారిలో ఒక నరం పెదవికీ గడ్డానికీ వస్తుంది. ఎముక అరిగిన వాళ్లకు అది పైకి మరీ దగ్గరగా ఉంటుంది. డ్రిల్ తగిలిందా, ఆ పక్క పెదవి మొద్దుబారుతుంది. చొంగ కారినా తెలియదు, వేడి వేడి టీ తాగి పెదవి కాలినా తెలియదు.

అందుకే గైడ్ చేయించాను. గైడంటే చిగురు మీద టోపీలా కూర్చునే ప్లాస్టిక్ అచ్చు. అందులో గొట్టాలుంటాయి. డ్రిల్ ఆ గొట్టాల్లోంచే దిగాలి, ఎంత లోతు అనుకున్నామో అంతే దిగాలి. పళ్లున్న వాళ్లకైతే గైడ్ పక్క పళ్లను పట్టుకుని ఉంటుంది. ఈవిడకు చిగురే దిక్కు. కాబట్టి పాత సెట్టు నోట్లో ఉండగా స్కాన్ తీస్తారు. ఆ సెట్టు అచ్చులోనే గైడ్ చేస్తారు, స్కాన్‌లో సెట్టు కూర్చున్నట్టే రేపు గైడూ కూర్చుంటుందని లెక్క.

స్కాన్ రోజు పొద్దున్నుంచీ ఆవిడ ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. విసుగొచ్చి కసిరేశాను.

"సెట్టు కదలకూడదత్తయ్యా! కదిలిందో, అంతా నాశనం. ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆవిడ మళ్లీ నోరెత్తలేదు. స్కాన్‌లో సెట్టు ఇసుమంత కూడా కదల్లేదు. కింద చిగురు కాస్త మందంగా కనిపించింది. పోనీలే, మెత్తటి చిగురు, అలాగే ఉంటుంది అనుకున్నాను.

సర్జరీ రోజు గైడ్ అతికినట్టు కూర్చుంది. పిన్నులతో బిగించాను. నరం పూర్తిగా మొద్దుబారకుండా పైపైనే మత్తిచ్చాను. డ్రిల్ దగ్గరికెళితే ముందు ఆవిడకే తెలియాలి కదా. "కదలకండి" అని మొదలుపెట్టాను. ముందువైపు రంధ్రాలు సాఫీగా అయ్యాయి. కుడి చివరిది వేస్తుండగా నర్సు గబుక్కున అంది.

"మేడమ్, ఆవిడ కాళ్లు చూడండి."

కాలివేళ్లు కొంకర్లు పోయి వణుకుతున్నాయి. తల మాత్రం రవ్వంతైనా కదల్లేదు. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆపి ఎక్స్‌రే తీశాను. డ్రిల్ అనుకున్న చోటు దాటి రెండు మిల్లీమీటర్లు దిగి, నరం దారిలో దూరింది.

ఎక్కడి పని అక్కడ ఆపేసి, గైడ్ తీసి, కుట్లు వేశాను. గైడ్ బాగానే కూర్చుంది, మరి తేడా ఎక్కడొచ్చింది? ఒక అనుమానం తగిలింది.

"అత్తయ్యా, స్కాన్ రోజు సెట్టు కింద ఏమన్నా పెట్టారా?"

ఆవిడ నీళ్లు నమిలింది. దానికి పళ్లతో పనిలేదు కదా.

"దూది పెట్టానే. తడిపి, బాగా అదిమి పెట్టాను. కదలకూడదన్నావుగా. వదులు సెట్టు, ఊరికే ఎలా నిలుస్తుంది?"

తడి దూది స్కాన్‌లో చిగురులాగే ఉంటుంది. అప్పుడు సెట్టు దూది మందాన పైకి లేచి ఉంది. ఇప్పుడు దూది లేని చిగురు మీద గైడ్ అంత మేరా కిందికి దిగింది, దాంతోపాటే డ్రిల్లూ దిగింది.

"నాకో మాట చెప్పొచ్చుగా!"

"చెబితే తిడతావుగా."

"పోనీ, ఇందాక షాక్ కొట్టినట్టయినప్పుడైనా అరవొచ్చుగా!"

"అప్పుడూ కదలకూడదనేగా అన్నావు."



ఆ మర్నాటి నుంచి రోజూ సాయంత్రం కళ్లు మూసుకోమని, దూది చుట్టిన పుల్లతో పెదవి తాకి చూసేదాన్ని. "తెలుస్తోందా?" అంటే "లేదే" అనేది. మందులు వాడుతున్నా అదే మాట. నరాల సర్జన్‌కు ఫోన్ చేశాను.

"ఇంకొన్నాళ్లు చూసి, స్పర్శ రాకపోతే వెంటనే పంపండి, తెరిచి బాగుచేద్దాం. ఆలస్యమైతే ఇక ఎవరూ ఏమీ చేయలేరు" అన్నాడాయన.

ఆవిడకు అదే చెప్పి, "ఉన్నదున్నట్టు చెప్పండత్తయ్యా, మీకు దండం పెడతాను" అన్నాను.

క్లినిక్కుకు వెళ్లబుద్ధి కాలేదు. అపాయింట్‌మెంట్లన్నీ రద్దు చేయించాను. "ఇక ఈ పని నా వల్ల కాదు, మానేస్తాను" అని మా ఆయన ముందు భోరుమన్నాను. పక్కగదిలో ఆవిడ మెలకువగానే ఉంది.

మర్నాడు పుల్ల తాకించీ తాకించగానే ఆవిడ "తెలుస్తోందే!" అంది. నాకు పట్టరాని సంతోషం వచ్చింది. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాను. మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను, సర్జన్ అవసరం ఉండదేమోనని కూడా అనేశాను. ఫోన్ పెట్టేశాక మనసు ఊరుకోలేదు. ఎందుకైనా మంచిదని మళ్లీ ఆవిడ ముందు కూర్చున్నాను.

"ఇంకొక్కసారి కళ్లు మూసుకోండి. ఆఁ, ఇప్పుడు తెలుస్తోందా?"

"తెలుస్తోంది. ఇందాకటికంటే బాగా తెలుస్తోంది. బెంగ పెట్టుకోకమ్మా, రేపట్నుంచి క్లినిక్కుకు వెళ్లు."

నేనింకా పుల్ల చేతిలోకి తీసుకోలేదు.