అంబులెన్సు దారికి ఖరీదు

కంప్యూటర్ తెర మీద ఊరి ట్రాఫిక్ సిగ్నళ్లన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఏ కూడలి ఖాళీగా ఉందో, ఎక్కడ బండ్లు ఇరుక్కున్నాయో ఇక మాకు తెలియదు. అంబులెన్సులకు దారి చూపే మా వదిన యాప్ గుడ్డిదైపోయింది. వంటగది పక్క గదిలో కూర్చుని ఒంటిచేత్తో కట్టుకొచ్చిన యాప్ అది.

నిన్నటిదాకా నగరపాలక సంస్థ ఆ సమాచారాన్ని అడిగినవాళ్లందరికీ ఉచితంగా ఇచ్చేది. ఇప్పుడు మొత్తం ఒకే కంపెనీకి రాసిచ్చేసింది. ఆ కంపెనీ మనిషి మా కుర్చీలోనే కూర్చుని మా టీయే తాగుతున్నాడు. పళ్లు దాచుకోవడం చేతకాదు కనుక నేనతనికి ఇకిలింపు అని పేరు పెట్టాను.

"సంతకం పెట్టండి, ఒక్క ఫోన్‌తో సిగ్నళ్లు వచ్చేస్తాయి. మీ దగ్గరున్న రోగుల వివరాలు మాకివ్వాలి, అంతే."

అంతేనట! ప్రతి రోగి ఇల్లు, జబ్బు, ఫోన్ నంబరు వదిన దాచి ఉంచింది. ఇవన్నీ ఎందుకని అడిగితే, "ఉండనీ, ఎప్పుడో పనికొస్తాయి" అనేది. పనికొచ్చాయి, వీడికి.

ఫోన్ మోగింది. వదిన స్పీకర్ పెట్టింది.

"మేడం, దారి కనపడట్లేదు!" డ్రైవరు అరుస్తున్నాడు. "బండిలో పురిటి మనిషుంది, రక్తం ఆగట్లేదు. వంతెన ఎక్కనా, కింద నుంచి పోనా?"

వెనక ఆమె మూలుగు, భర్త ఏడుపు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ముందు సిగ్నళ్లివ్వండి, బేరం తర్వాత!"

"రూల్స్ ఒప్పుకోవండీ."

"వద్దు వదినా. సంతకం పెడితే నమ్మినవాళ్లందరినీ అమ్మేసినట్టే" అన్నాను.

"ఆవిడ పోతే నువ్వు తెస్తావా?" అంది వదిన. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సంతకం పెట్టేసింది.

ఇకిలింపు ఎవరికో ఫోన్ చేశాడు. సిగ్నళ్లు వచ్చాయి. "కింద నుంచి పోనీ, బడి దగ్గర ఎడమకు తిప్పు" అంటూ వదిన ఆసుపత్రి గేటుదాకా చెప్పుకుంటూ పోయింది.

కాసేపటికి స్పీకర్‌లో భర్త గొంతు వినబడింది. "లోపలికి తీసుకెళ్లారమ్మా. సమయానికి తెచ్చారన్నారు. మీ మేలు ఈ జన్మకు మరిచిపోను."

వదిన కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

ఇకిలింపు తన ఫోన్ చూసుకుంటున్నాడు. "కొత్త కేసు కూడా చేరింది. పురిటి రక్తస్రావం, ఇంటి నంబరుతో సహా. బీమా వాళ్లు ఇలాంటివే అడుగుతారు."

"ఎవరమ్మా అది?" అన్నాడు భర్త. "మా ఇంటి నంబరుతో వాళ్లకేం పని?"

వదిన నా వైపు చూసింది, నువ్వే చెప్పు అన్నట్టు. ఇంతసేపూ అరిచినవాణ్ని, ఫోన్ పెట్టేశాను.