మాత్ర తర్వాతి అరగంట

పొద్దున ఐదింటికి లేచి చెంగమ్మ చేసే మొదటి పని చిన్న గ్లాసులో మజ్జిగ కలపడం. దాహానికి కాదు, మాత్ర మింగడానికి. ఆ మాత్ర ఒట్టి వేడి అనీ, మజ్జిగతో వేసుకుంటేనే ఒంటికి పడుతుందనీ మొగుడు దేవరాజులు తేల్చి చెప్పాడు. హార్బరులో ముప్పై ఏళ్ల గుమాస్తా ఆయన, ఏదైనా సరే తేల్చి చెప్పడం అలవాటు. గ్లాసు పెదాలకు తగలకుండా తల పైకెత్తి రెండు గుక్కలు పోసుకుని, మాత్రను లోపలికి తోసి, ఆ వెంటనే ముగ్గు డబ్బా పట్టుకుని వాకిట్లోకి పోయి నడుం వంచేది. ఇంకో రెండు గుక్కలు తాగకూడదా అంటే, కూడదు. రాయపురంలో వాళ్లుండే ఇంట్లో నాలుగు పోర్షన్లకి కలిపి కక్కూసు ఒక్కటే. ఆరు నుంచి ఎనిమిది దాకా అది పనులకు పోయే మగవాళ్లది, బడికి పోయే పిల్లలది. అందుకని ఆ ఇంటి ఆడవాళ్లంతా పొద్దునపూట దాహం లేకుండా బతకడం నేర్చుకున్నారు. దాన్ని ఒక విద్య అని ఎవరూ అనుకోలేదు.

అంతకుముందు దీపావళికి వారం ఉందనగా వీధి పంపు దగ్గర కాలు జారి చెయ్యి ఆనించింది. ఆ మాత్రానికే మణికట్టు పుటుక్కున విరిగింది. యాభై నాలుగేళ్లకే ఎముకలు గుల్లబారాయన్నాడు ఎముకల డాక్టరు. ఆ మాటైనా ఆమెతో అనలేదు. ఎక్స్‌రే ఫిల్ము పైకెత్తి పట్టుకుని దేవరాజులుతో ఇంగ్లీషులో మాట్లాడాడు, దేవరాజులు పది నిమిషాల సేపు తల ఊపాడు. బయటికొచ్చాక పెళ్లానికి ఆయన చెప్పింది మాత్రం రెండే ముక్కలు: రోజుకొకటి, పరగడుపున. మిగతా ఇంగ్లీషంతా ఏమైందో ఆమె అడగలేదు. పెద్ద డాక్టరు, పెద్ద చదువు, మాటలు ఎక్కువే ఉంటాయనుకుంది.

నెల తిరిగేసరికి రొమ్ముల మధ్య మంట మొదలైంది. అన్నం ముద్ద గీరుకుంటూ దిగేది. ఆమె కార్పొరేషన్ బడిలో మధ్యాహ్న భోజనం వండే పని చేస్తుంది. సాంబారు అండా దించడానికి వంగితే పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నేవి. అందరూ తలా ఒక మాట అన్నారు. పని చేయలేకపోతే ఇంకొకరిని చూసుకుంటామంది బడి హెడ్మిస్ట్రెస్. మజ్జిగ ఇంకొంచెం పులవనియ్యమన్నాడు దేవరాజులు. తమ కాలంలో ఎముకలకు మాత్రలు ఎవరు మింగారంది అత్త పొన్నమ్మ. ఆ మాటా నిజమే. మాత్రల్లేని పొన్నమ్మ నడుం నేలకేసి వంగిపోయి పదేళ్లయింది, ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం చూడాలంటే గోడ పట్టుకుని మెడ పక్కకి తిప్పాలి. దాన్ని ఇంట్లో ఎవరూ జబ్బనలేదు, వయసన్నారు. చెంగమ్మకు ఆ నడుమంటేనే భయం. అట్లా కాకూడదనే నాలుగు నెలలు మంటను దిగమింగింది.

చివరికి కాలేజీలో చదివే కూతురు కార్తీక ఊరుకోలేక తొండియార్‌పేటలో ఒక ఆడడాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు పేరు ఆరోగ్యమేరి, తమిళావిడ. మాత్ర ఎట్లా వేసుకుంటారో చేసి చూపించమంది. అట్లా అడిగిన మనిషి చెంగమ్మ జన్మలో లేదు. లేచి నిలబడి, ఖాళీ చేత్తో గ్లాసు ఎత్తినట్టు ఎత్తి, రెండు గుక్కలు మింగినట్టు మింగి, నడుం వంచి గాల్లో ముగ్గు వేసి చూపించింది. మజ్జిగతో వేసుకుంటే అందులోని కాల్షియం మాత్రను పట్టేసుకుంటుందనీ, ఎముక దాకా మందు పోనే పోదనీ డాక్టరమ్మ మెల్లిగా చెప్పింది. చాలినన్ని నీళ్లు లేక మాత్ర గొంతుగొట్టంలో అతుక్కుని, వంగితే ఇంకా పైకొచ్చి, అక్కడే పుండు చేసింది. అంటే నాలుగు నెలలుగా మంటంతా ఆమెకు మిగిలింది, మందు మాత్రం ఎముకకు అందలేదు.

ఒక నెల ఆపి, పుండు మానాక మళ్లీ మొదలుపెట్టాలి. నిండు గ్లాసు మంచినీళ్లు. ఆ తర్వాత అరగంట పడుకోకూడదు, వంగకూడదు, ఏమీ తినకూడదు, తాగకూడదు.

"మరేం చెయ్యాల డాక్టరమ్మా?" అంది చెంగమ్మ.

"ఏమీ చెయ్యొద్దు. చుమ్మా ఉండండి."

ఊరికే ఉండమని ఆమెకు ఎవరైనా చెప్పడం అదే మొదటిసారి. చుమ్మా ఎందుకున్నావని అడిగినవాళ్లయితే చాలామంది ఉన్నారు.

డాక్టరమ్మ అంతటితో వదల్లేదు. కొత్తగా తీయించిన ఎక్స్‌రేను వెలుతురు పెట్టెకు తగిలించి, విరిగిన చోటు చూపించింది. అక్కడ తెల్లగా, కొంచెం ఉబ్బెత్తుగా ఒక కణుపు. అది కొత్త ఎముకంట. ఎముక స్తంభం లాంటిది కాదనీ, అది బతికున్న వస్తువనీ, లోపల కూలీలు పాతది కూలుస్తూనే ఉంటారనీ, ఇంకొందరు కొత్తది కడుతూనే ఉంటారనీ చెప్పింది. బహిష్టు ఆగిపోయాక కూల్చేవాళ్ల జోరు ఎక్కువవుతుంది, మాత్ర పని వాళ్లను పట్టి ఆపడం. చెంగమ్మ ఆ తెల్లటి కణుపు మీదినుంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఎవరు కట్టారు దాన్ని? ఎప్పుడు? తను కట్టుతోనే పాత్రలు తోముతున్నప్పుడా, హెడ్మిస్ట్రెస్ మాటలు పడుతున్నప్పుడా, మంటకు ఓర్చుకుని పక్కమీద కూర్చున్నప్పుడా? గుల్లబారిందని, పనికిరాదని ఇంటిల్లిపాదీ అనుకున్న ఒళ్లు ఎవరికీ చెప్పకుండా, తనకు కూడా చెప్పకుండా, ఇంత పని చేసిపెట్టింది. ఆశ్చర్యంతో ఆమెకు కళ్లు చెమర్చాయి. బస్సులో వస్తున్నంతసేపూ ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకునే కూర్చుంది, బంధువుల బిడ్డను ఎత్తుకున్నంత జాగ్రత్తగా.

ఇంటికొచ్చాక దేవరాజులును అడిగింది, ఆ మొదటి డాక్టరు ఇవన్నీ చెప్పలేదా అని. ఆయన పేపరు దించలేదు.

"చెప్పినాడు. మింగినంక అరగంట నిలబడాలో ఏందో. ఇంట్లో ఆడోళ్లు ఎట్లాగూ నిలబడే గదా ఉంటారని నేను చెప్పలా."

చెంగమ్మకు కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ దాంతో ఏం చెయ్యాలో తెలియక వంటింట్లోకి తీసుకుపోయి చింతపండు పిసికింది.

నెల తర్వాత మాత్ర మళ్లీ మొదలైంది. కక్కూసు సంగతి కార్తీక తేల్చింది. ఆరున్నరకు పది నిమిషాలు అమ్మ వంతు అని నాలుగు పోర్షన్లకీ తమిళంలో చెప్పి వచ్చింది. అరగంట సంగతి అంత సులభంగా తేలలేదు. వంగకూడదంటే ముగ్గు కార్తీక వేస్తుంది, సరే. నిలబడొచ్చు కదా, నిలబడి కాఫీ డికాక్షన్ దించొచ్చంది పొన్నమ్మ. నిలబడి చొక్కా ఇస్త్రీ చెయ్యొచ్చన్నాడు దేవరాజులు. నిలబడి దోసెలు పోయడానికీ వంగక్కర్లేదు. ఇంట్లో నిలబడి చేసే పనులన్నీ వెతికి వెతికి ఆ అరగంటలోకి తెచ్చి కుక్కారు. ఆరు రోజులు చెంగమ్మ అట్లానే చేసింది. ఏడో రోజు ఇస్త్రీ పెట్టె కోసం చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుని, డాక్టరమ్మ చుమ్మా ఉండమనింది అని గోడకు చెప్పినట్టు చెప్పి మిద్దె మెట్లెక్కింది.

మిద్దె ఆమెకు కొత్త కాదు. బట్టలు ఆరేయడానికి రోజూ ఎక్కుతుంది, వడియాలు పెట్టడానికి ఎండాకాలమంతా ఎక్కుతుంది. కానీ చేతిలో బకెట్టు లేకుండా ఎక్కడం అదే మొదలు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిట్టగోడ దగ్గర నిలబడి తూర్పుకేసి చూసింది. నాలుగు వీధుల అవతల సముద్రం. మూడు దశాబ్దాలుగా దాని వాసన పీల్చింది, దాని ఉప్పుగాలికి తుప్పుపట్టిన గొళ్లేలు మార్చింది, అందులోంచి వచ్చిన చేపల్ని తోమింది. దాని మీద పొద్దు పొడవడం మాత్రం చూడలేదు. క్రేన్ల మధ్యనుంచి ముందు నీళ్ల అంచు ఎర్రబడింది, తర్వాత వేటకు పోయి తిరిగొచ్చే పడవలు ఒక్కొక్కటీ నల్లగా తేలాయి, తర్వాత సూర్యుడు ఒక్కసారిగా కాక, చిన్నగా, తీరిగ్గా పైకొచ్చాడు. ఇదంతా రోజూ జరుగుతోందా? తను డికాక్షన్ దించుతున్న ప్రతిరోజూ ఇది ఈడనే, నెత్తిమీదనే జరుగుతోందా? చెంగమ్మ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. దేవుడి ముందు కూడా ఆమె ఎప్పుడూ అంతసేపు ఏ కోరికా లేకుండా నిలబడలేదు. ఆ వెలుతురు మొహం మీద పడుతుంటే నడుం దానంతటదే నిటారుగా అయ్యింది.

ఆరోజు నుంచి ఆ అరగంట ఆమెది. కింద కాఫీ ఆలస్యమైంది, దేవరాజులు సణిగాడు, డాక్టరు చెప్పిందంటే ఏమీ అనలేక ఊరుకున్నాడు. మూడు వారాలు హాయిగా గడిచాక మంట మళ్లీ వచ్చింది. ఈసారి తప్పు ఎక్కడా లేదు. నిండు గ్లాసు నీళ్లే, నిటారుగా నిలబడడమే. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే మాత్ర ఆపేస్తారు, మాత్ర ఆపితే అరగంట పోతుంది. పది రోజులు దాచింది. గొంతులో నిప్పు, కళ్ల ముందు సముద్రం. ఇడ్లీ ముక్క కూడా దిగక నీళ్లలో నానబెట్టుకుని తింటుంటే కార్తీక చూసింది, ఇంకేముంది, మళ్లీ తొండియార్‌పేట.

కొందరి గొంతుకు ఈ మాత్ర ఎట్లా వేసుకున్నా పడదంది డాక్టరమ్మ. ఆపెయ్యాల్సిందే. హార్మోను మాత్రలున్నాయి, కానీ మళ్లీ బహిష్టు రావచ్చు, ఇంకా చిక్కులున్నాయి. ముక్కులో కొట్టుకునే మందు ఒకటుంది, ఒక రోజు ఒక ముక్కులో, మర్నాడు రెండో ముక్కులో. మాత్రంత గట్టిది కాదు గానీ గొంతు జోలికి పోదు. అన్నంతో పాటు కాల్షియం, రోజూ నడక. అన్నీ ఓపిగ్గా చెప్పి, ఏది కావాలో ఆలోచించుకోమంది. చెంగమ్మ ముక్కు మందే అంది. ఆ తర్వాత మెల్లిగా అడిగింది:

"దీనికి నిలబడేది ఏమీ లేదా?"

"లేదు. ఎప్పుడైనా కొట్టుకోవచ్చు, వెంటనే పని చేసుకోవచ్చు. సంతోషమేనా?"

చెంగమ్మ తల ఊపింది గానీ మొహం చిన్నబోయింది. డాక్టరమ్మకు ఏం అర్థమైందో, కలం తీసి, చీటీ మీద ఏమైనా రాసి ఇమ్మంటారా అంది. పొద్దున అరగంట విశ్రాంతి అని రాస్తానంది. రాయించుకుంటే చాలు, ఇంట్లో ఎవరూ నోరెత్తరు. చెంగమ్మ ఆ కలం వైపే చూసింది. విరిగిన ఎముక అతుక్కోడానికి ఎవరి చీటీ తెచ్చుకుంది?

"వద్దు డాక్టరమ్మా," అంది. "నేనే చెప్పుకుంటా."

మర్నాడు ఐదున్నరకు మందు ముక్కులో కొట్టుకుని, మూత పెట్టి, మెట్ల దగ్గరికి నడిచింది. దేవరాజులు వాలుకుర్చీలో కాఫీ కోసం కూర్చుని ఉన్నాడు. కొత్త మందుకు ఏ నియమమూ లేదని నిన్న కార్తీక నోటినుంచి విన్నప్పుడే ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"ఏమే, ఇంక ఆ నిలబడే పని లేదనినారు గదా. ఆడికెందుకు పోతుండావు?"

గోడ పట్టుకుని మెడ పక్కకి తిప్పి పొన్నమ్మ కూడా చూస్తోంది. చెంగమ్మ రెండో మెట్టు మీద ఆగింది.

"మాత్ర నిలిపేసినారు," అంది. "అరగంట నేను నిలపలా."